డబ్బా మానిటర్ మీద వత్తులు

2002 ప్రాంతంలో, ఏలూరు ముఖ్యపట్టణంగా ఉన్న మన పశ్చిమగోదావరి జిల్లాలో, మండలాలకు ఈ-సేవ కేంద్రాలు వచ్చాయి. చాలావాటిని నడిపింది డ్వాక్రా మహిళలే. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా సీఆర్‌టీ, అదే డబ్బా మానిటరు. 60 హెర్ట్జ్‌లో తెర వణికి కళ్లు లాగేసేవి. 85కి మారిస్తే హాయి. అది చెప్పేవాళ్లేరీ?

800 బై 600 తెర మీద చిన్న సైజులో మన వత్తులు ముద్దయిపోయేవి. ‘ప’ ఏదో ‘వ’ ఏదో పోల్చుకోవడం కష్టం. కాగితంలో ఆ ఒక్క అక్షరం మారితే ఇంటిపేరే మారిపోదూ!

తర్వాతొచ్చిన ఎల్‌సీడీలో వణుకు లేదు, అక్షరం తేట. కానీ దాని సొంత రిజల్యూషన్ తప్పిస్తే మసక. చవకరకమైతే పక్కనుంచి చూస్తే రంగులు వెలవెల. నలుపు నల్లగా కనబడటంలో మాత్రం డబ్బాదే పైచేయి. అందుకే ఫొటోల పనివాళ్లు దాన్ని అంత త్వరగా వదల్లేదు.