ఈ-మెయిలు భాగాలను విప్పి భద్రపరచే ఆదేశాలు

ఈ-మెయిలు సందేశంలో సంకేత రూపంలో ఉన్న పాఠ్యాన్ని, జోడింపులను తిరిగి అసలు రూపానికి తెచ్చి విడివిడి ఫైళ్ళుగా భద్రపరచుటకు యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో కొన్ని కమాండ్ లైను ఉపకరణాలు ఉన్నాయి. మన్‌ప్యాక్, ఎంహెచ్‌స్టోర్, రిప్‌మైమ్, బేస్64, యూయూడీకోడ్ వీటిలో ముఖ్యమైనవి. ఈ వ్యాసంలో ఆప్షన్ల పేర్లు ఉచ్చారణ ప్రకారం తెలుగులో ఇవ్వబడినవి. టైపు చేయునపుడు ఆంగ్లాక్షరాలనే వాడవలెను.

నేపథ్యం

ఈ-మెయిలు మొదట 7 బిట్ల ఆంగ్ల పాఠ్యానికి మాత్రమే ఉద్దేశించబడినది. ఇతర ఫైళ్ళను పంపుటకు 1980లో మేరీ ఆన్ హోర్టన్ బర్క్‌లీలో యూయూఎన్‌కోడ్‌ను రూపొందించెను. 1992 జూన్‌లో నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్‌లు రచించిన ఆర్.ఎఫ్.సి. 1341 ద్వారా మైమ్ పద్ధతి వచ్చినది. ఇది 1996 నవంబరులో ఆర్.ఎఫ్.సి. 2045 నుండి 2049 వరకు గల పత్రాలుగా సవరించబడినది. మైమ్‌లో ఒకే సందేశం అనేక భాగాలుగా ఉండవచ్చును. ప్రతి భాగానికి దాని రకం, సంకేత పద్ధతి, కొన్నిసార్లు ఫైలు పేరు శీర్షికలో ఉంటాయి.

సంకేత పద్ధతులలో రెండు ప్రధానమైనవి. బేస్64లో ప్రతి 3 బైట్లు 4 అక్షరాలుగా మారుతాయి. కోటెడ్-ప్రింటబుల్‌లో ఆంగ్ల పాఠ్యానికి చెందని ప్రతి బైటు ఒక సమాన గుర్తు, రెండు షోడశాంశ అంకెలు కలిసి 3 అక్షరాలవుతుంది.

తెలుగు పాఠ్యం సంగతి

నాగర్‌కర్నూల్ జిల్లా (2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లా) లోని అమ్రాబాద్ మండల కేంద్రం పేరునే ఉదాహరణగా తీసుకొనవచ్చును. యూనికోడ్‌లో ఈ పేరుకు అ, మ, పొల్లు, ర, ఆత్వం, బ, ఆత్వం, ద, పొల్లు అని 9 సంకేతాలు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు కనుక మొత్తం 27 బైట్లు. బేస్64లో ఇది 36 అక్షరాలు, కోటెడ్-ప్రింటబుల్‌లో 81 అక్షరాలు. కాని కోటెడ్-ప్రింటబుల్‌లో ఒక వరుస 76 అక్షరాలకు మించరాదు. అంటే ఒక్క ఊరి పేరే ఒక వరుసలో పట్టదు! వరుసను పూర్తిగా నింపే ప్రోగ్రామయితే 25 బైట్లను మొదటి వరుసలో ఉంచి, చివర సమాన గుర్తు పెట్టి, మిగిలిన 2 బైట్లను కింది వరుసకు పంపుతుంది. ఆఖరి పొల్లులో ఒక బైటు పైన, రెండు బైట్లు కింద పడతాయి. ఒక్కొక్క వరుసను విడిగా కత్తిరించి విప్పితే "అమ్రాబాద" మిగిలి, పొల్లు స్థానంలో అర్థంలేని గుర్తులు వస్తాయి. అందుచేత భాగాన్ని మొత్తంగా ఉపకరణానికి అప్పగించుటే సరైన పద్ధతి.

బేస్64లో ఉన్న భాగం తెలుగు అక్షరంతో మొదలయితే, దాని మొదటి మూడు గుర్తులు 4, ఎల్, సి గాని 4, ఎల్, జి గాని అయి తీరుతాయి. కన్నడమయితే మూడవది కె లేదా ఓ అవుతుంది. విప్పకుండానే భాషను గుర్తుపట్టుటకు ఇది పనికివచ్చే చిట్కా.

ముఖ్యమైన ఆప్షన్లు

మన్‌ప్యాక్‌ను కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జాన్ మయర్స్ వ్రాసెను. మామూలుగా ఇది జోడింపులను మాత్రమే ఫైళ్ళుగా వ్రాస్తుంది. పేరులేని పాఠ్య భాగాలు కూడ ఫైళ్ళుగా కావలెనంటే "-టి" ఇవ్వవలెను. కొత్తవారు పాఠ్యం పోయిందని కంగారుపడేది ఇక్కడే. "-సి" (పెద్ద అక్షరం) ఏ ఫోల్డరులో భద్రపరచవలెనో చెబుతుంది. "-క్యూ" సమాచార సందేశాలను తగ్గిస్తుంది. "-ఎఫ్" అదే పేరుతో ముందే ఉన్న ఫైలు మీద వ్రాసివేస్తుంది. అది ఇవ్వకపోతే పేరు చివర చుక్క, సంఖ్య చేర్చి పాతదానిని కాపాడుతుంది. కనుక "-ఎఫ్" అలవాటుగా వాడవలసిన ఆప్షను కాదు.

ఎంహెచ్‌స్టోర్‌లో "-పార్ట్" తో భాగం సంఖ్యను, "-టైప్" తో రకాన్ని ఎంచుకొనవచ్చును. భాగాల పట్టికను ముందుగా ఎంహెచ్‌లిస్ట్ చూపుతుంది. "-ఆటో" ఇచ్చినపుడు పంపినవారు సూచించిన పేరే వాడబడుతుంది. ఆ పేరు ఏటవాలు గీతతోగాని చుక్కతోగాని మొదలయితే ఉపకరణం దానిని తిరస్కరిస్తుంది. పేరు పెట్టేది పంపినవారు, పోయేది పుచ్చుకొన్నవారి ఫైలు కాబట్టి ఈ జాగ్రత్త అవసరమే. మన్‌ప్యాక్ కూడ పేరులోని అనుమానాస్పద గుర్తులను ఎక్స్ అక్షరంగా మార్చుతుంది. ఏ ఉపకరణమయినా కొత్త ఖాళీ ఫోల్డరులో విప్పుట మేలు.

రిప్‌మైమ్‌లో "-ఐ" సందేశపు ఫైలును, "-డి" గమ్యాన్ని తెలుపుతాయి. యూయూడీకోడ్‌లో "-ఓ" ఫైలు పేరును మార్చుటకు.

బేస్64 ఆదేశంలో "-డి" విప్పుటకు, "-ఐ" వర్ణమాలలో లేని గుర్తులను వదలివేయుటకు. శీర్షికలతో సహా సందేశమంతా ఇచ్చి "-ఐ" మీద ఆధారపడితే ప్రయోజనం లేదు. శీర్షికలోని అక్షరాలు కూడ బేస్64 వర్ణమాలలోనివే, అవి కూడ విప్పబడి ఫలితం చెడిపోతుంది.

విప్పినా చదవలేని సందేశాలు

విప్పుట వేరు, లిపి మార్పిడి వేరు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అను వంటి ఫాంట్లలో కూర్చిన తెలుగు ఫైళ్ళను పై ఉపకరణాలు యథాతథంగా బయటకు తీస్తాయి. కాని తెరపై ఆంగ్లాక్షరాల గందరగోళమే కనబడుతుంది. భద్రపరచిన ఫైలు సరైనదే. దానిని చదువుటకు ఆ ఫాంటుగాని, ఆ ఫాంటు నుండి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాముగాని కావలెను.