మూకాటా
మూకాటా థాయిలాండ్, లావోస్ దేశాల్లో తినేవాళ్లే బల్ల దగ్గర వండుకునే భోజనం. బొగ్గుల కుంపటి మీద, నడుమ గుమ్మటంలా ఉబ్బి చుట్టూ కాలువ ఉన్న పెనం పెడతారు. గుమ్మటానికి పంది కొవ్వు రాసి, నానబెట్టిన మాంసం ముక్కలు కాలుస్తారు. కాలువలో పోసిన చారులో ఆకుకూరలు, పుట్టగొడుగులు, నూడుల్స్ ఉడుకుతాయి. మాంసం నుంచి కారే రసం చారులో కలిసి రుచి పెంచుతుంది. బఫే హోటళ్లలో మనిషికి ఇంత అని ధర కడతారు.

హైదరాబాద్ శివారు జల్‌పల్లికి చేరువలోని బార్కస్‌లో దొరికే మండీ అనే మాంసం, అన్నం వంటకంలోనూ మాంసం రసంతో రుచి పెంచే ఇదే సూత్రం ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన, యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతపు అరబ్బుల వారసులు అక్కడ స్థిరపడ్డారు. సంప్రదాయ పద్ధతిలో గుంటపొయ్యిలో మగ్గే మాంసం రసం కింది అన్నంలోకి దిగుతుంది. అయితే మండీని వంటవాళ్లే వండి తెస్తారు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు. ఇందులో పొట్టేలు, కోడి మాంసాలు వాడతారు. పంది మాంసం వాడరు.