పెనుకొండ పాతకాపు అడవి ఉల్లి

1565లో తళ్లికోట యుద్ధం ముగిశాక తిరుమల రాయలు హంపీ విడిచి పెనుకొండ చేరాడు. విజయనగరానికి ఈ కొండే కొత్త రాజధాని అయింది. గగన్ మహల్, కోట బురుజులు, బాబయ్య దర్గా చూడటానికి నేటికీ జనం వస్తారు. కానీ రాయల రాకకు ఎంతో ముందు నుంచే ఈ సీమ రాతినేలల్లో ఒక పాతకాపు ఉంది. దాని పేరు అడవి ఉల్లి. నక్కవుల్లిగడ్డ అనీ అంటారు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఉన్నవి ముళ్లపొదల అడవులు. పడమటి కనుమలు వాన మబ్బుల్ని అడ్డుకోగా, పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి దక్కేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వానలు ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. చైత్రం వచ్చేసరికి నేల బీటలిస్తుంది. సరిగ్గా అప్పుడే, ఒక్క ఆకైనా లేకుండా, ఈ గడ్డ నుంచి సన్నని కాడ లేస్తుంది. పాలిపోయిన రంగు పూలు పొద్దువాలాక విచ్చుకుంటాయి. ఆకులు వానలకు వస్తాయి. గాదె నింపినట్టు గడ్డను నింపి ఎండిపోతాయి. కిందటేటి వానే ఈ యేటి పువ్వు. ఐరోపా అడవుల్లో వసంతాన పూసే బ్లూబెల్ దీనికి చుట్టమే. అది చెట్లు చిగిర్చి నీడ కమ్మేలోపు పూస్తుంది. మనది వానకు ముందే పూస్తుంది.

సామర్లకోటలో మొక్కలు పెంచి, 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ ఈ అడవి ఉల్లిని స్కిల్లా ఇండికాగా వర్ణించాడు. ఆ వర్ణన ఆయన పోయాక, 1832లో 'ఫ్లోరా ఇండికా'లో అచ్చయింది. 1977 నుంచి దీని శాస్త్రీయ నామం డ్రిమియా ఇండికా. మధ్యధరా తీరపు అడవి ఉల్లిని గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ నాటికే మందుగా వాడేవారు. దానికి బదులుగా మన గడ్డను దగ్గుకు, ఒంటికి పట్టే నీరుకు వాడారు. ఈ గడ్డకు గుండె మీద పనిచేసే గుణం ఉంది. మోతాదు మించితే అదే ప్రాణం తీస్తుంది. చూడటానికి ఎర్రగడ్డలా ఉన్నా నోట పెట్టకూడదు.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికి చెందిన టి. పుల్లయ్య, ఎన్. యశోద 1989లో అనంతపురం జిల్లా వృక్షసంపదపై గ్రంథం వెలువరించారు. ఇలాంటి మొక్కల్ని గుర్తుపట్టాలనుకునేవారికి అది మంచి ఆసరా.

కోటగోడను పురావస్తు చట్టం కాపాడుతుంది. గోడ పక్కన మట్టిలో ఉన్న గడ్డకు ఆ అండ లేదు. వేసవి మంటలో కాడ కాలితే ఆ యేటి విత్తనం పోయినట్టే. గడ్డనే తవ్వితే మొక్కే పోతుంది. రాయి కోసం గుట్టను తొలిస్తే ఆ మొక్క మళ్లీ మొలవడానికి నేలే ఉండదు. పెనుకొండను చరిత్రగా కాపాడుకోవడమంటే రాళ్లతోపాటు ఈ వాలుల్నీ కాపాడుకోవడం. కోటకు పిల్లల్ని తీసుకెళ్లే ఉపాధ్యాయులు చైత్రంలో ఒకసారి పొద్దువాలే దాకా ఆగి ఈ పువ్వును కూడా చూపించాలి. పేరు తెలిసిన మొక్కను నరకడానికి చేయి అంత తేలిగ్గా రాదు.