జలపాతం దారిలో మన చరిత్ర

అరకు నుంచి ఒక్కరోజులో చూసి రాగల జలపాతాల్లో కటికి ఒకటి. బొర్రా దగ్గర జీపెక్కి, చివర కొంత నడిస్తే గోస్తనీ నది కొండ మీంచి దూకుతూ కనిపిస్తుంది. అందరూ ఫొటోలు దిగి వెళ్లిపోతారు. మేము మాత్రం హాస్టల్ పిల్లలకు ముందుగా ఈ కథ చెబుతాం.

ఈ అనంతగిరి మండలంలోనే మన భూముల్ని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చారు. మనవాళ్లు ఊరుకోలేదు. సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1997 జూలై 11న తీర్పు వచ్చింది: 1/70 చట్టం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్కారు భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! కొండ ఉంటేనే ఊట, ఊట ఉంటేనే జలపాతం. ఈసారి కటికి వెళ్తే కొండనూ చూడండి, ఆ తీర్పునూ తలుచుకోండి.