తప్పు మలుపు, ముప్పది దినములు

గొప్ప యుద్ధములు ఎలా మొదలవుతాయో ఎప్పుడైనా ఆలోచించారా? గొప్ప కారణముతోనే మొదలవుతాయని మనం అనుకుంటాం. 1914వ సంవత్సరమును ఒక్కసారి చూడండి.

జూన్ 28, ఆదివారము. ఆస్ట్రియా-హంగేరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ తన భార్య సోఫీతో బోస్నియాలోని సారాయెవో పట్టణానికి వచ్చాడు. ఉదయం ఒకడు ఆయనపై బాంబు విసిరాడు. అది గురి తప్పి, వెనుక కారులోని వారు గాయపడ్డారు. తరువాత యువరాజు గాయపడిన అధికారిని చూడటానికి ఆసుపత్రికి బయలుదేరాడు. దారి మారిన సంగతి డ్రైవరుకు ఎవరూ చెప్పలేదు. అతడు పాత దారిలోకే మలుపు తిప్పి, పొరపాటు తెలిసి కారు ఆపాడు. అక్కడే గవ్రీలో ప్రిన్సిప్ అనే 19 ఏండ్ల యువకుడు నిలబడి యున్నాడు. రెండు తూటాలు! భార్యాభర్తలిద్దరూ చనిపోయారు.

అయితే జాగ్రత్తగా గమనించండి. యుద్ధము ఆ దినమే రాలేదు. ఇంకా 30 దినములు మిగిలియున్నవి. ఆ దినములలో పెద్దలు ఏమి చేశారు?

జూలై 5న జర్మనీ చక్రవర్తి విల్‌హెల్మ్, ఏమి జరిగినా మీ వెంట ఉంటామని ఆస్ట్రియాకు మాట ఇచ్చాడు. ఆ ధైర్యంతో జూలై 23న ఆస్ట్రియా 48 గంటల గడువు పెట్టి సెర్బియాకు కఠినమైన షరతులు పంపింది. సెర్బియా చాలా వరకు ఒప్పుకున్నది. జూలై 28న ఆ జవాబు చదివిన విల్‌హెల్మే, ఇక యుద్ధానికి కారణము లేదని వ్రాశాడు. కాని ఆ దినమే ఆస్ట్రియా యుద్ధము ప్రకటించింది. ఇచ్చిన మాట ముందే పరుగెత్తింది, వివేకము ఆలస్యముగా వచ్చింది.

రష్యా చక్రవర్తి నికొలస్ విల్‌హెల్మ్‌కు బంధువే. ఇద్దరూ ముద్దుపేర్లతో టెలిగ్రాములు పంపుకున్నారు. జూలై 29 రాత్రి నికొలస్ సైన్యమంతటినీ సిద్ధపరచే ఆజ్ఞను ఆపాడు. మరునాడు సలహాదారుల ఒత్తిడికి లొంగి మరల ఇచ్చాడు. ఆగస్టు 1న జర్మనీ రష్యాపై, 3న ఫ్రాన్సుపై యుద్ధము ప్రకటించింది. 4న జర్మనీ సేనలు బెల్జియంలో ప్రవేశించగా బ్రిటన్ కూడా దిగింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మనీ నౌక మద్రాసు చమురు ట్యాంకులపై గుండ్లు కురిపించింది. పది లక్షలకు పైగా భారతీయులు ఆ యుద్ధము కొరకు సముద్రము దాటారు. 70 వేలకు పైగా మరణించారు.

కూటములు, ఆయుధాల పోటీ, పాత పగలు అంతకుముందే గడ్డివాములా ఎండియున్నవి. నిప్పురవ్వ వేసినవాడు ఒక్కడే. ఆర్పగలిగిన వారు అనేకులు. వారందరూ ఎదుటివాడే ముందు తగ్గాలని చూశారు.

స్నేహితుడా, సహోదరీ, నీకు జరిగిన అవమానానికి, నీవు చెప్పబోయే జవాబుకు మధ్య ఎన్ని దినములున్నవి? ఆ దినములను వృథా చేయవద్దు.