పొగకు వేలంపాట - పైకం ఎవరి పద్దు?

పొగ వదిలే హక్కును ప్రభుత్వాలు వేలం వేస్తున్నాయంటే మా కాలేజీ కుర్రాళ్ళు నవ్వుతారు. "గాలిని కూడా అంగట్లో పెట్టారా మాస్టారూ!" అంటారు. ఆ నవ్వులో న్యాయం వుంది. కాని వేలం లేనప్పుడు ఏం జరిగిందో కూడా తెలుసుకుని నవ్వమంటాను.

2005లో యూరోపియన్ యూనియన్ బొగ్గుపులుసు వాయువుకు హద్దు గీసి, టన్నుకొక అనుమతి పత్రం చొప్పున పంచింది. మొదటి మూడేళ్ళూ నూటికి 95కు తక్కువ కాకుండా ఉచితంగా ఇవ్వాలని నిబంధన. ఎవరికి? చాలావరకు, అప్పటిదాకా ఎంత పొగ వదిలారో ఆ లెక్కన! విద్యుత్ కంపెనీలు పత్రాలను తేరగా పుచ్చుకుని, వాటి బజారు ధరను మాత్రం కరెంటు ధరలో కలిపి జనం దగ్గర రాబట్టుకున్నాయి. బొగ్గు కాల్చకపోతే పత్రం అమ్ముకోవచ్చు. కాలిస్తే ఆ రాబడి పోతుంది. పోయిన రాబడిని ఖర్చు కింద రాసుకున్నారు. దమ్మిడీ పెట్టని ఖర్చు మీద లాభం. 2013లో గాని ఆ కంపెనీలు చాలామట్టుకు వేలంలో కొనుక్కోవలసిన రోజు రాలేదు.

అమెరికా ఈశాన్యాన 10 రాష్ట్రాల ఉమ్మడి ఏర్పాటులో సుమారు నూటికి 90 పత్రాలు మొదటినుంచీ వేలానికే. తొలి వేలం 2008 సెప్టెంబరులో; ధర టన్నుకు 3 డాలర్ల 7 సెంట్లు. వేలమంటే మనకు సారా పాటలు గుర్తుకొస్తాయి గాని, ఇక్కడ కేకల్లేవు. మూడు నెలలకొకసారి ఎవరికి వారు రహస్యంగా ధర రాసి పంపుతారు. పైధర నుంచి కిందికి దిగుతూ, పత్రాలు అయిపోయిన చోట ఏ ధర వుంటే గెలిచిన వారందరికీ అదే.

మరి పైకం? కనీసం పావువంతు వినియోగదారుల మేలుకు కేటాయించాలని 2005లోనే ఒప్పందం రాసుకున్నారు. ఇళ్ళలో కరెంటు వృథా తగ్గించే పనులకు ఖర్చు పెట్టారు కూడా. తీరా ఆర్థిక సంక్షోభంలో ఖజానాలు ఎండేసరికి పాలకుల కన్ను దానిమీద పడింది. 2009లో న్యూయార్క్ 9 కోట్ల డాలర్లు తీసి బడ్జెటు లోటులో పోసింది. మరుసటి ఏడు న్యూజెర్సీ 6 కోట్ల 50 లక్షలు లాగింది. ఆ లోటులో బడిపంతుళ్ళ జీతాలు కూడా వుంటాయి, కాదనను. కాని కంపెనీ కట్టినట్టు కనబడే ఆ డబ్బులో చాలా వాటా అద్దె ఇళ్ళ వాళ్ళు కరెంటు బిల్లులో కట్టిందే. వాళ్ళ కిటికీలు బాగుచేయించవలసిన పైకం అది.

2011 ఆఖరున న్యూజెర్సీ ఆ ఏర్పాటునుంచే తప్పుకుంది. తిరిగి చేరింది 2020లో. నడుమ ఎనిమిదేళ్ళూ అక్కడి విద్యుత్కేంద్రాలు ఆ పొగకు పత్రం కొననక్కరలేకపోయింది.