పిస్తోలు పుట్టుపూర్వోత్తరములు

మన నందిగామ, జగ్గయ్యపేట సీమ పెద్దలకు తుపాకి యనునది పుస్తకములలో చదివిన వస్తువు కాదు. మునగాల పరగణా నందిగామ తాలూకాలోనిదే యైనను దాని చుట్టును నిజాము రాజ్యమే యుండెడిది. అది నల్లగొండ జిల్లాలో కలిసినది 1959లో. కావున మనవారికి పొలిమేర యనగా పటములోని గీత కాదు; రాత్రివేళ దానిని దాటివచ్చిన చుట్టములు. 1947, 48 సంవత్సరములలో రజాకార్ల బాధకు తాళలేక మూటలు నెత్తిన బెట్టికొని జగ్గయ్యపేట చేరిన కుటుంబము లెన్నియో కలవు. 1948 సెప్టెంబరు 13వ తేదీన బెజవాడ వైపునుండి మేజరు జనరలు రుద్ర నాయకత్వమున కదలిన భారతసైన్యము ఈ త్రోవనే కోదాడకు నడచెను. 17వ తేదీకి నిజాము లొంగిపోయెను. అప్పటికి నేను పుట్టలేదు. మా తాతగారు చెప్పగా విన్నవాడను.

సైన్యపు బండ్లను గూర్చి ఆయన చెప్పినదానికంటె బర్మారు తుపాకిని గూర్చి చెప్పినదే నాకు బాగుగా జ్ఞాపకమున్నది. జొన్నచేలపై బడు అడవిపందులను కొట్టుటకు మా యూర నొక రైతింట అట్టి నాటు తుపాకి యుండెడిదట. గొట్టము మూతినుండి మందు పోయవలెను. దానిపై పీచు కూరవలెను. పిమ్మట గుండ్లు వేసి, కడ్డీతో దట్టించి, వెనుక టోపి తొడిగి, అప్పుడు గుఱి చూడవలెను. ఒకమాఱు ప్రేలిన పిమ్మట మఱల ప్రేలుటకు తమలపాకులకు సున్నము వ్రాసి, చిలక చుట్టి, నోట వేసికొనునంత సేపు పట్టెడిదట. పొలిమేర కావలి పల్లెలో మా బంధువొకడు ఒక రాత్రి అట్టి తుపాకి మ్రోత వినగానే లేచి, రెండవ మ్రోతలోపల జొన్నచేను దాటి వాగులో దిగి బ్రదికెను. “వానిని కాచినది నడిమి సందురా” అని తాతగారనెడివారు. ఆ సందు ఎట్లు సన్నగిల్లుచు వచ్చినదో చెప్పుటయే నేటి నా ప్రసంగము.

తుపాకి యను మాట తురుష్కుల భాషనుండి వచ్చినది. ఫిరంగి యను మాట పరంగులనుండి వచ్చినది. మన ఆగ్నేయాస్త్రమే తుపాకి యని వాదించు పండితులు కలరు. నేనును పురాణములు చదివినవాడనే. ఆ వాదము నాకు రుచింపదు. వస్తువుతోపాటు దాని పేరును వచ్చినది, అంతే. బేతవోలును పెంపుచేసి తన తండ్రి జగ్గయ్యపేర నిలిపిన వాసిరెడ్డి వేంకటాద్రినాయని కాలమున ఈ దేశపు సిపాయిల తుపాకులన్నియు వత్తితోనో చెకుముకితోనో నిప్పంటుకొనునవే. అన్నియు మూతినుండి కూరునవే.

1836లో అమెరికాలో కోల్టు అనునాతడు తిరుగుడు గదులుగల పిస్తోలునకు పేటెంటు పొందెను. దానినే రివాల్వరందురు. గదుల చక్రము తిరిగినకొలది ఒక్కొక్క గుండు గొట్టమునకు ఎదురుగా వచ్చును. ఆంగ్లేయులయొద్ద కొలువుచేసిన సైనికాధికారుల నడుములకు రెండవ ప్రపంచయుద్ధము నాటికిని సాధారణముగా నుండినది ఈ ఆఱు గుండ్ల రివాల్వరే. ఆఱును కాల్చిన పిమ్మట మఱల నింపుకొనవలెను. అక్కడనైనను కొంత సందు మిగిలినది.

తుపాకి ప్రేలునప్పుడు వెనుకకు తన్నుట మీరెఱుగుదురు. ఆ తన్ను అంతవఱకు కాల్చువాని భుజమునకు నొప్పి తప్ప దేనికిని పనికిరాలేదు. దానిచేతనే ఖాళీ తొడుగును ఊడబెఱికించి, క్రొత్త తూటాను ఎక్కింపవచ్చునని 1884లో మాక్సిమ్ అనునాతడు మరతుపాకిలో చేసి చూపెను. ఆ యేడే ఫ్రాన్సులో పొగలేని మందు కనుగొనబడెను. నల్లమందు మసిచే యంత్రము పట్టుకొనిపోవును గనుక ఈ క్రొత్తమందు లేనిదే అట్టి పని చిన్న ఆయుధమున సాగెడిది కాదు. 1893లో బోర్షార్టు పిస్తోలు, 1896లో మౌజరు పిస్తోలు వెలువడెను. వీనిలో మీట నొక్కినప్పుడెల్ల ఒక్క గుండే ప్రేలును. తూటా ఎక్కుట మాత్రము దానంతటదే జరుగును. అందుచే వీనికి అర్ధస్వయంచాలకములని పేరు.

ఇక జాన్ మోజెస్ బ్రౌనింగు. ఈయన 1855లో అమెరికాలోని యూటా సీమలో, ఆగ్డెన్ పట్టణమున, తుపాకులు చేయువాని యింట పుట్టెను. మన కమ్మరి కొడుకు కొలిమియొద్ద నేర్చినట్లే తండ్రి కొట్టులో పని నేర్చెను. 1911లో అమెరికా సైన్యము స్వీకరించిన పిస్తోలు ఈయనదే. ఐరోపాలో ఈయన యంత్రములను బెల్జియములోని లియేజ్ పట్టణము చెంత హెర్‌స్టాల్‌లోని ఎఫ్.ఎన్. కర్మాగారము చేసెడిది. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఎక్కువ తూటాలు పట్టు పిస్తోలు కావలెనని ఫ్రెంచి సైన్యము కోరగా, బ్రౌనింగు నమూనా సిద్ధముచేసి 1923లో పేటెంటుకై దరఖాస్తు పెట్టెను. 1926 నవంబరు 26న ఆ కర్మాగారములోనే కన్నుమూసెను. పేటెంటు చేతికి వచ్చినది 1927లో.

మిగిలిన పనిని డ్యుడొనే సైవ్ అను బెల్జియను పూర్తిచేసెను. లోకము బ్రౌనింగు పేరే చెప్పును గాని, నా దృష్టిలో సైవ్ పాలు తక్కువది కాదు. అంతవఱకు పిడిలోని పెట్టెలో తూటాలు ఒకదానిపై నొకటిగా ఏడో ఎనిమిదో పట్టెడివి. బండిలో బస్తాలు పేర్చునప్పుడు రెండింటి నడిమి పల్లమున మూడవదానిని కుదిర్చినట్లు సైవ్ తూటాలను రెండు వరుసలుగా కుదిర్చి, పిడి లావు పెద్దగా పెరుగనీయక 13 పట్టించెను. బ్రౌనింగు తాను మునుపు కోల్టు కంపెనీకి అమ్మిన ఉపాయములను తానే వాడుకొనుటకు వీలులేకుండెను. 1928లో ఆ పేటెంట్ల గడువు తీఱగా సైవ్ వానిని ఇందులో చేర్చెను. ప్రేలినప్పుడు గొట్టమును దాని పైకప్పును కలిసి కొంత వెనుకకు జరుగును. గొట్టము క్రిందికి వంగి విడివడును. పైకప్పు ఒంటరిగా పోయి ఖాళీ తొడుగును బయట వేసి, స్ప్రింగు బలమున మఱలి వచ్చుచు క్రొత్త తూటాను గొట్టములోనికి నెట్టును. ఇదంతయు కనుఱెప్పపాటు కాలమునకు లోపలనే. పెట్టెను ఊడదీసినచో మీట పనిచేయకుండుటయు ఫ్రెంచివారు కోరినదే. కోరినవారు తుదకు వేఱొక పిస్తోలును ఎన్నుకొనిరి; దీనిని 1935లో స్వీకరించినది బెల్జియము.

1940 మేలో జర్మనులు బెల్జియమును ఆక్రమించిరి. కర్మాగారము వారి వశమై, మూడు లక్షలకు పైగా పిస్తోళ్లు వారికే చేసిపెట్టెను. సైవ్ మొదలగువారు తప్పించుకొని ఇంగ్లండు చేరిరి. మనవారు మూటలు తెచ్చుకొన్నట్లు వారు తమ విద్యను తెచ్చుకొనిరి. కెనడాలో, టొరంటో నగరమున ఇంగ్లిస్ కంపెనీ 1944, 45లలో సుమారు లక్షా యేబదివేల పిస్తోళ్లు చేసెను. అందు రెండు రకములు: చైనాకై చేసినదానికి భుజమున ఆనించు కఱ్ఱపిడి తగిలించుటకు గాడియు, 500 మీటర్ల దూరము గుర్తులుగల గుఱిపట్టీయు ఉండెను. చేతిపిస్తోలుతో అంత దూరము కొట్టుట మాటలా? నాకు నవ్వువచ్చును. రెండవ రకమునకు కదలని గుఱి. కెనడా సైన్యము వాడినది అదే. యుద్ధమున ఇరుపక్షములవారును ఒకే పిస్తోలుతో కాల్చుకొనిరి. 1982లో ఫాక్లాండు దీవులకై బ్రిటనును అర్జెంటీనాయు పోరాడినప్పుడును అట్లే జరిగెను.

బ్రిటను 2013లో దీనిని మాన్పదొడగెను. బెల్జియములో 2018 నాటికి దీని తయారీ నిలిచెను. 2022లో అదే పేరుతో వచ్చినది లోపలి కూర్పున వేఱు. మన దేశమున హుగ్లీ యొడ్డున ఇచ్ఛాపూర్ రైఫిలు కర్మాగారము కెనడా రకమును బట్టి చేసినదానికి 1ఏ అని పేరు. అది మన సైన్యమునకును పోలీసులకును చేరినది.

నేను ఉపాధ్యాయుడనై ఎన్నికల పనిపై పోయినప్పుడు బందోబస్తునకు వచ్చిన యొక యధికారి నడుమున ఇట్టి పిస్తోలు చూచితిని. ఎన్ని తూటాలని అడిగితిని. 13 అని ఆయన సెలవిచ్చెను. అన్నిటిని కాల్చుటకు ఎంతసేపు పట్టునంటిని. పది సెకండ్లు చాలునండీ అనెను.

ఉద్యోగవిరమణ పిమ్మట ఒకమాఱు పొలిమేర కావలి ఆ పల్లెకు పోయి, మా బంధువు పరుగెత్తిన చేను గట్టునుండి వాగు వఱకు నడచితిని. ఇప్పుడు జొన్న లేదు, పత్తి వేసినారు. నా అంగలతో నూటయిరువది యైనవి.